ఖాళీ పలక ఎత్తమన్న టీచరమ్మ

మొన్న గురువారం, మొదటి షిఫ్టు దిగే వేళ. మావైపు బొగ్గు గనిని బాయి అంటారు. ఆ బాయి మీది టైం ఆఫీసులో కిటికీ దగ్గర కూర్చుని, పైకొచ్చినవాళ్ళ హాజరు రాసుకుంటున్నాను. వరుసలో ముందున్న కార్మికుడు తన నంబరు చెప్పడం మాని, "టీచరమ్మ పోయిందట సారూ" అన్నాడు. వెనక ఉన్నవాళ్ళెవరూ తోసుకోలేదు. షిఫ్టు దిగి ఇంటికి పోయే తొందరలో ఉన్న మనుషులు అట్లా కదలకుండా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కార్మికుడి నంబరు నాకు కంఠతా వచ్చు. అయినా అడిగాను. చెప్పాడు. మళ్ళీ అడిగాను.

దవాఖానలో చేర్చి వారమైంది. ఊపిరి అందడం లేదన్నారు. ముందు రోజు సాయంత్రం నేను చూసొచ్చాను. మంచం పక్కన బల్ల మీద నా కొత్త కరపత్రం ఉంది. నర్సమ్మను పెన్సిలు అడిగి తెప్పించుకుని అందులో తప్పులు దిద్దింది. సగం పేజీ దాకా దిద్ది ఆగిపోయింది.

ఆమె క్వార్టరుకూ మా క్వార్టరుకూ మధ్యన ఒకటే గోడ. కంపెనీ బడిలో చిన్న తరగతులకు చెప్పేది. కాలనీకంతా టీచరమ్మ, నాకు అక్క. నన్ను తమ్మీ అని పిలిచేది. ఆమె ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. నేను ఏ గుడి మెట్టూ ఎక్కనివాణ్ణి. నేను రాసిన ప్రతి కరపత్రమూ అచ్చుకు పోయేముందు ఆమె చేతిలోకి పోయేది. ప్రభుత్వాన్ని కూలదోసే వాక్యం దగ్గర వేలు పెట్టి, "నీ విప్లవం సంగతి నాకు తెల్వది గని తమ్మీ, ఈడ ఒత్తు పోయింది" అనేది. నాకు కోపం వచ్చేది. ఒత్తు పెట్టుకునేవాణ్ణి.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మన పత్రికల్లో ఒక వాడుక ఉంది. ఆ మనిషిని దీపమనో వెన్నెలనో అంటారు. ఆమె సేవలు చిరస్మరణీయమంటారు. ఆ కాగితం మడిచి అల్మారాలో పెట్టుకుంటారు. నేను అవేవీ రాయను. టీచరమ్మ ఒక పని చేసింది, ఆ పని ఓడిపోయింది, ఓడిపోయిందని తెలిశాక ఆమె బతకడం తగ్గించుకుంది. నాకు తెలిసింది ఇది. ఇదే రాస్తాను.

ఆ పని ఆదివారం బిట్లు.

బిట్లంటే ఈ తరం పిల్లలకు చెప్పక్కర్లేదు. ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, అందులో ఒకటి సరైనది. అంతకుముందు పరీక్షలంటే పేజీలకు పేజీలు రాయడమే. పెద్ద కాలేజీల సీట్లకు ఎంట్రన్సు పెట్టి, ఆ ఎంట్రన్సంతా బిట్లలో అడగడం మొదలయ్యాక, పట్నంలో దానికి తగ్గ కోచింగులు పుట్టుకొచ్చాయి. మా గోదావరిఖనిలో ఏమీ పుట్టలేదు. మా పిల్లలకు దొరికింది టీచరమ్మ వసారా.

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, వసారా మీది నుంచి ఎండ పక్కకు జరిగాక ఆమె బొగ్గుల కుంపటి మీద చాయ గిన్నె పెట్టేది. చాయ మరిగేలోగా బిట్లు అయిపోవాలి. అంతకు మించి ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదు. ఇంకొంచెం సేపు పెట్టరాదా అక్కా అని నేనంటే, "నీ మీటింగు లెక్కనా తమ్మీ, జనం లేచిపోయినంక గూడ నడుస్తనే ఉండెటందుకు" అనేది. చాయ అందరికీ పోసేది. గ్లాసులు చాలవు కాబట్టి ఇద్దరికి ఒక గ్లాసు.

ఆమె చదివింది మెట్రిక్, ఆపైన టీచరు ట్రైనింగు. ఎంట్రన్సులో వచ్చే ఫిజిక్సు, కెమిస్ట్రీ ఆమెకు రావు. పిల్లల పుస్తకాలే వారం పొడుగునా అడిగి తెచ్చుకుని చదివేది. అర్థం కానిచోట జూనియర్ కాలేజీ లెక్చరర్ ఇంటికి పోయి, ఆయన భార్యతో ముచ్చట పెడుతూ ఆయన అన్నం తిని లేచేదాకా కూర్చుని అడిగి వచ్చేది. అట్లా తయారైన ప్రశ్నలు కొన్నే ఉండేవి. కానీ ఒక్కటి కూడా ఆమెకు అర్థం కానిది ఉండేది కాదు.

కాగితాలు కొనే స్తోమత ఎవరికీ లేదు. అందుకని పలకలు. ఇంట్లో చిన్న తమ్ముడివో చెల్లెలివో పలకలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మూతి మీద మీసం మొలుస్తున్న పిల్లలు, ఓణీలు వేసుకున్న ఆడపిల్లలు, చంకలో పలక పెట్టుకుని పోతుంటే నల్లా దగ్గర ఆడవాళ్ళు, "ఏందిరా, మల్ల ఒకటో తరగతిల ఏసిండ్రా మిమ్ముల" అని ఏడిపించేవాళ్ళు. టీచరమ్మ ప్రశ్న రెండుసార్లు చదివేది. జవాబులు రెండుసార్లు చదివేది. ఒకటి నుంచి నాలుగు దాకా ఏదో ఒక అంకె పలక మీద వెయ్యాలి. తర్వాత అందరూ ఒక్కసారే పలకలు ఎత్తాలి.

ఇక్కడే ఆమె పద్ధతి వేరు. సరైన అంకె వేసినవాళ్ళ దగ్గరికి కాదు, ఏమీ రాయని పలక ఎత్తినవాళ్ళ దగ్గరికి ఆమె ముందు పోయేది. తెలియదని ఒప్పుకోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు అక్కడ. ఆ ఖాళీ పలక మీద తానే సుద్దముక్కతో గీసి చెప్పేది. తప్పు అంకె వేసినవాళ్ళకు మాత్రం ఒక ప్రశ్న పడేది. నీకెట్ల తెలుసు అని. ఇదే అనుకున్న టీచరమ్మా అని ఎవరైనా అంటే ఆమె మొహంలో రంగు మారేది. తిట్టేది కాదు.

"అనుకునుడు వద్దు బిడ్డా. తెలుసా, తెల్వదా? తెలిస్తె రాయి. తెల్వకుంటే ఖాళీ ఇడిసిపెట్టు."

ఈ మాట మా గోడ ఇవతలికి ఎన్ని ఆదివారాలు వినపడిందో చెప్పలేను. మా ఇంట్లో కూడా అనుకుంట అనే మాట వాడడం తగ్గిపోయింది.

ఆ మాటంటే ఆమెకు అంత భయం ఎందుకో ఒక్కసారే చెప్పింది. ఆమె భర్త బొగ్గు కొట్టే పనిలో ఉండేవాడు. బాయి లోపల పనిచేసే చోటికి పోయేముందు పైన కప్పును కర్రతో కొట్టి చూస్తారు. చప్పుడు గట్టిగా వస్తే సరే. బోలుగా వస్తే ఎవరూ ఆ కిందికి పోరు. ఆ రోజు షిఫ్టు దిగి పైకి పోతున్న ఒక మనిషిని ఈయన, కప్పు చూసిండ్రా అని అడిగాడట. చూసిండ్రనుకుంట అని అతను పోతూ పోతూ అన్నాడట. ఈయన లోపలికి పోయాడు. అంతే. ఆ మాట అన్న మనిషి సమాధి దగ్గర పొర్లి పొర్లి ఏడిస్తే టీచరమ్మే లేపి ఇంటికి తెచ్చి అన్నం పెట్టింది. అతని మీద ఆమెకు కోపం లేదు. ఆ మాట మీదే కోపం.

నేను ఊరుకునే రకం కాదు కదా. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తున్నప్పుడు పట్టుకున్నాను. తెలిస్తేనే రాయాలంటావు, మరి దేవుడున్నాడని నీకు తెలుసా అక్కా అని. వాదంలో గెలిచినట్టే అనుకున్నాను. ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, "తెలుసని నేనెన్నడన్న అన్ననా తమ్మీ? నమ్ముత అన్న. నమ్ముడు వేరు, రాసుడు వేరు" అని ఇంట్లోకి పోయింది. కాసేపటికి గోడ అవతల నుంచి చాయ తాగుతవా అని కేకేసింది.

ఇక సరోజ సంగతి.

సరోజ బొగ్గు నింపే కార్మికుడి బిడ్డ, పెద్దది. దాని కింద ఒక తమ్ముడు, ఒక చెల్లె. జూనియర్ కాలేజీలో సైన్సు చదివింది. డాక్టరు కావాలన్నది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా కాలనీలో ఆడవాళ్ళకు కాన్పు కష్టమైతే ఆడ డాక్టరు కోసం ఎంత దూరం పోవాలో అందరికీ తెలుసు. సరోజ బాపుకు అప్పటికే దమ్ము. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కేవాడు. ఎప్పుడైనా పనికి రాడని తేల్చి బాయి నుంచి తీసేస్తారు, తీసేస్తే క్వార్టరు పోతుంది. అందుకే బిడ్డతో తేల్చి చెప్పాడు. ఒక్కసారి రాయి, సీటు వస్తే నా తిప్పలు నేను పడి చదివిస్త, రాకుంటే అందరం ఊరికి పోదాం, నన్ను మల్ల అడగకు అన్నాడు. ఇందులో కఠినం ఏమీ లేదు. అతని దగ్గర ఉన్నది అంతే, ఉన్నంతా ఇచ్చాడు.

ఆ ఏడాదంతా టీచరమ్మ బిట్లు సరోజ చుట్టే తిరిగాయి. సరోజ చెల్లె పలక తెచ్చుకునేది. ఖాళీ పలక ఎత్తడానికి ఆ పిల్ల ఎన్నడూ జంకలేదు. రానురాను ఆ పలక ఖాళీగా లేవడం తగ్గింది. ఎండాకాలం వచ్చేసరికి చాయ మరిగేలోగా అన్నీ రాసి, గ్లాసులు కడిగి పెట్టేది.

ఎంట్రన్సు వరంగల్‌లో. టీచరమ్మే రైల్లో తీసుకుపోయింది. తిరిగొచ్చే బండికి నేను రామగుండం స్టేషనుకు పోయాను. ఇద్దరూ నవ్వుకుంటూ దిగారు. తెలిసినయన్ని రాసిన కాకా అన్నది సరోజ. తెలియనివి అని అడిగితే, ఇంత చిన్న సంగతి అడుగుతారేం అన్నట్టు చూసి, ఖాళీ ఇడిసిపెట్టిన అన్నది. ప్రశ్నల కాగితం చేతిలోనే ఉంది. తీసుకుని చూశాను. నాకు ముందుగా కనపడింది పైన ఇంగ్లీషులో ఉన్న సూచన. తప్పు జవాబుకు మార్కులు కోయరు అని రాసి ఉంది.

ఇది చదివినావా బిడ్డా అని అడిగాను. చదివిన అన్నది. మరి ఏదో ఒకటి పెట్టకపోయినావా అన్నాను.

"పెడదామనే చూసిన కాకా. చెయ్యి రాలే. తెల్వది గద."

టీచరమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆ ఒక్క వాక్యం మీద కళ్ళు పెట్టి, ఇంటికి చావు టెలిగ్రాం వచ్చినట్టు నిలబడింది. జనం మమ్మల్ని ఒరుసుకుంటూ పోతున్నారు. సరోజ మాత్రం సంతోషంగానే ఉంది. తెలియని ఒక్క దానికి కూడా తెలిసినట్టు రాయలేదు కదా, టీచరమ్మ మెచ్చుకుంటుందని చూస్తున్నది.

సీటు రాలేదు. సీట్లు అయిపోయిన చోటికి కొంచెం కిందనే ఆ పిల్ల పేరు ఉంది. ఖాళీగా వదిలినవాటికి గుడ్డిగా ఏదో ఒకటి పెట్టి, అందులో కొన్ని తగిలినా పైకి వచ్చేది.

మీలో కొందరు ఇప్పటికే పెదవి విరుస్తుంటారు. నాకు తెలుసు. సూచన ఉన్నది కదా, చదివింది కదా, పాటించకపోతే ఎవరిది తప్పు అంటారు. అయ్యా, సూచన మీరు రాశారు. చెయ్యి ఆ పిల్లది. ఆ చేతిని తయారుచేసింది ఈ నేల. తెలియనిచోట అడుగు వేస్తే మనిషి తిరిగిరాని ఊళ్ళో పుట్టిన పిల్లకు, తెలియకపోయినా వెయ్యి, పోయేదేం లేదు అని చెబితే చెయ్యి ఎట్లా వస్తుంది? అసలు పోయేదేం లేదు అనే పరీక్షను ఎవరు కనిపెట్టారు? పడిపోయినా కింద పరుపు ఉన్నవాళ్ళు. ఈసారి కాకపోతే వచ్చేసారి, ఇక్కడ కాకపోతే ఇంకోచోట అని ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు. జ్ఞానం కొలుస్తున్నామని బోర్డు కట్టి, వాళ్ళు కొలిచింది తెగింపును. ఆ తెగింపు ఎవరి ఇళ్ళలో పెరుగుతుందో మనకు తెలుసు. ప్రతిభ గెలిచిందని రాసే పత్రికలకు కూడా తెలుసు. తెలిసే రాస్తారు.

ఆ ఏడాది మా దగ్గర నుంచి ఒక అబ్బాయికి సీటు వచ్చింది. ఆఫీసర్ల బంగ్లాల వైపు పిల్లవాడు. సైకిలు మీద ఇంటింటికీ మిఠాయి పంచుకుంటూ టీచరమ్మ ఇంటికీ వచ్చాడు. చిన్నప్పుడు ఆమె దగ్గరే అక్షరాలు దిద్దాడు మరి. నేను వసారాలోనే ఉన్నాను. తెల్వనియి ఏం జేసినవు బిడ్డా అని ఆమె అడిగింది. ఆ అబ్బాయి దాచలేదు. నవ్వుతూ తన చొక్కా గుండీలు పట్టుకుని చూపించాడు. పై నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి ఎక్కడ ఆగితే అది పెట్టాడట. కోచింగులో అందరూ అట్లనే చేస్తారట. టీచరమ్మ కూడా నవ్వింది. మిఠాయి నోట్లో వేసుకుంది. వాడు పోయాక నేను మండిపడితే, "వాన్నెందుకు తిడుతవు తమ్మీ. అడిగిన, నిజం చెప్పిండు" అన్నది.

ఆ సాయంత్రం మేమిద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. పిల్లలకు ఊహించి పెట్టడం నేర్పమన్నాను. ఆట వాళ్ళది, నియమం వాళ్ళది, ఆ నియమం మార్చేదాకా దాంతోనే గెలవాలి కదా అన్నాను. నిజాయితీ మనం పాటించి సీట్లు వాళ్ళకు అప్పజెప్పుదామా అన్నాను. ఆమె కుంపటిలో బూడిద కెలుకుతూ విన్నది. నువ్వు చెప్పేది తప్పని నేను అంటలేను, నాకే నోరు రాదు అంటూ తల ఊపింది. ఈ రోజుకూ నా వాదం మీద నేను నిలబడే ఉన్నాను. ఆమె తల ఊపిన తీరు తలచుకుంటే మాత్రం ఆ వాదం నాకు రుచించదు.

తర్వాతి ఆదివారం ఆమె నోరు తెచ్చుకుంది. ఇయ్యాల్టి సంది ఎవ్వలు ఖాళీ పలక ఎత్తద్దు, తెల్వకున్నా ఏదో ఒకటి ఏయాలె అని చెప్పింది. పిల్లలు ముందు నమ్మలేదు. తర్వాత వాళ్ళ ఆనందం చూడాలి. గుండీలు లెక్కపెట్టేవాళ్ళు, కళ్ళు మూసుకుని పలక మీద వేలు పెట్టేవాళ్ళు, పక్కవాడితో పందెం కట్టేవాళ్ళు. గుడ్డిగా వేసింది తగిలితే వసారా అదిరిపోయేట్టు అరుపులు. ఇన్నేళ్ళలో ఆ వసారాలో అంత నవ్వు నేను వినలేదు. ఆమె ప్రశ్నలు చదువుతూనే ఉంది. చాయ పొంగి కుంపటి ఆరిపోయింది, ఆమె చూసుకోలేదు.

మరునాడు పొద్దున, డ్యూటీకి పోయే బట్టల్లోనే, సరోజ బాపు వచ్చాడు. బడికి బయలుదేరుతున్న టీచరమ్మ గుమ్మంలో ఆగింది. నేను నా వాకిట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. మెట్టు దగ్గరే నిలబడి, ఊపిరి కూడగట్టుకుని మాట్లాడాడు. ఇప్పుడు బిట్లకు వస్తున్న కొడుకు ఇంట్లో నవ్వుకుంటూ చెప్పాడట, తెల్వకున్నా రాయమంటున్నరు అని. నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నది టీచరమ్మ. సరోజకు తన చేతుల మీద జరిగిన అన్యాయం ఇంకొకరికి జరగొద్దని మార్చిన అన్నది.

"నా బిడ్డకు మీరేం అన్యాయం జెయ్యలే టీచరమ్మా. సీటు ఒగలకొస్తది. మిగిలినోళ్ళంత యాడికి పోతరు? బాయికే గద. మా పోరడు రేపో మాపో దిగుతడు. ఆడ కప్పు ఎట్లున్నదిరా అంటె, మంచిగనే ఉన్నదనుకుంట అంటె ఎట్ల? మీకు తెల్వందా."

నేను పుల్ల పారేసి మాట అందుకున్నాను. నీ కొడుకు బాయిలోనే దిగాలని ఎవరన్నారు, ఆఫీసర్ల పిల్లలకు లేని రాత నీ కొడుక్కెందుకు అని గట్టిగానే అడిగాను. అతను నావైపు తిరిగాడు. కోపం లేదు అతని కళ్ళలో. కొంచెం నవ్వు కూడా ఉంది.

"ఆఫీసర్ల పోరలు గుండీలు లెక్కపెట్టుకుంటరు సారూ. మా అంగీలకు గుండీలు యాడున్నయి. మా పోరడు దిగకుంట జేస్తె మీ కాళ్ళు మొక్కుత. చెయ్యుండ్రి. అప్పటిదాంక అయితే వానికి గిది నేర్పకుండ్రి."

తలకు గుడ్డ చుట్టుకుని డ్యూటీకి పోయాడు. బిడ్డ సీటు పోగొట్టుకున్న మనిషి, ఆ సీటు పోగొట్టిన పద్ధతినే కాపాడమని అడిగి పోయాడు. నేను మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడతాను. ఆ రోజు టైం ఆఫీసులో కూర్చుని అతనికి ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో వెతుక్కున్నాను. ఇప్పుడూ వెతుకుతున్నాను. కాలేజీకి పోవాలంటే తెలియకపోయినా వెయ్యాలి. బాయిలో బతకాలంటే తెలిసేదాకా అడుగు వెయ్యకూడదు. ఈ రెండు పరీక్షలూ ఒకే పిల్లవాడి ముందు పెట్టి, ఏది నేర్చుకుంటావో నీ ఇష్టం అంటున్న ఈ వ్యవస్థకు నేనేం పేరు పెట్టాలి? నా దగ్గర తిట్లు చాలా ఉన్నాయి. ఏదీ చాలడం లేదు.

ఆ వచ్చే ఆదివారం పిల్లలు పలకలతో వచ్చారు. టీచరమ్మ కుంపటి ముట్టించి, అందరికీ చాయ పోసింది. ప్రశ్నలు లేవు. తాగినంక ఇగ రాకుండ్రి బిడ్డా అన్నది. ఎందుకని ఎవరో అడిగారు.

"మీకు ఏం చెప్పాలెనో నాకే తెల్వది. తెల్వనిది నేనెట్ల చెప్త."

అంతే. బిట్లు బంద్ అయ్యాయి. నేను బతిమాలాను, కసిరాను, మళ్ళీ బతిమాలాను. బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పడం మానలేదు. అందులో ఊహించాల్సింది ఏమీ లేదు కదా అనేది. పెద్దపిల్లల పుస్తకం మాత్రం మళ్ళీ ముట్టలేదు.

సరోజ బాపును ఆ సంవత్సరమే పనికి రాడని తీసేశారు. పెద్దపల్లి అవతల ఏదో పల్లె వాళ్ళది. సామాను బండి మీద ఎక్కించేటప్పుడు టీచరమ్మ పోయి అన్నం మూట ఇచ్చి వచ్చింది. కొడుకు ఊరికి పోలేదు. రామకృష్ణాపూర్‌లో చుట్టాలింట్లో ఉండి, వయసు రాగానే బాయిలో దిగాడు. బాపు చెప్పినట్టే జరిగింది. ఎవరమూ ఏమీ చెయ్యలేదు.

టీచరమ్మను సమాధి చేసిన రోజు వాన. పాస్టరు గారు గొడుగు కింద నిలబడి ఆమె ప్రభువు సన్నిధిలో ఉన్నదని చెప్పారు. ఆయన నమ్మకం ఆయనది, నేను ఆ రోజు ఎవరితోనూ వాదించదలచుకోలేదు. జనం వెనక సరోజ నిలబడి ఉంది. పల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. నాట్లు వేస్తూ వేస్తూ కబురు విని వచ్చినట్టుంది, పిక్కల మీద బురద ఇంకా ఆరలేదు. అందరూ పిడికెడు మన్ను వేశాక వచ్చి తానూ వేసింది. తర్వాత నా పక్కన నడిచింది. "నేను గానాడు ఏదో ఒకటి పెట్టి ఉంటే టీచరమ్మ బిట్లు బంద్ చెయ్యకపోతుండె గద కాకా" అన్నది. అడగడం కాదు అది. ఎన్నాళ్ళుగానో లోపల పెట్టుకుని వచ్చిన మాట. నీ తప్పేం లేదు బిడ్డా అన్నాను.

"తెలుసా కాకా, అనుకుంటున్నవా?"

నేను తలవంచుకుని నడిచాను. బస్సు వచ్చింది. ఎక్కింది.

నా చిన్నతనంలో అక్షరం చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. తెలియదు అనే మాటను తల ఎత్తి చెప్పొచ్చని నాకు నేర్పింది ఆమె ఒక్కతే. ఇంత వయసొచ్చాక, ఇన్ని ఉపన్యాసాలిచ్చాక నేర్చుకున్నాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. ఆమె ఆశయాలను కొనసాగిద్దామని రాసి ముగించమని ఈ పత్రిక సంపాదకులు సూచించారు. వాళ్ళది మంచి మనసే. కానీ దేన్ని కొనసాగించాలో నాకు తెలియదు. తెలియదు కాబట్టి ఆ వాక్యం రాయడం లేదు.

బిట్లు ఆగిపోయాక కూడా ఆమె ఆదివారం అదే వేళకు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. మా వీధి పిల్లలు ఆటలకు పోవాలంటే ఆ వసారా ముందు నుంచే పోవాలి. ఆమె ఎదుట పడి పోవడానికి వాళ్ళకు మనసొప్పలేదో, పలక లేకుండా కనపడడానికి సిగ్గనిపించిందో, ఎవరూ చెప్పకుండానే క్వార్టర్ల వెనక, మురుగు మోరీ పక్కన, అందరూ పొయ్యి బూడిద పారబోసే సందులోంచి పోవడం అలవాటు చేసుకున్నారు. ఆమెకు తెలుసు. నాతో అనలేదు.

నిన్న ఆదివారం. ఆమె తలుపుకు కంపెనీ తాళం పడింది. కుర్చీ ఎవరో తీసుకుపోయారు. వీధిలో నరపురుగు లేదు. నేను పెరట్లోకి పోయి గోడ మీది నుంచి చూశాను. పిల్లలు వెనక సందులో, వాన నీళ్ళకు ముద్దయిన బూడిదలో, ఒకరి వెనక ఒకరు పోతున్నారు. ఆ ఇంట్లో ఎవరూ లేరని వాళ్ళకు తెలుసు. అయినా చప్పుడు కాకుండా, చెప్పులు చేతుల్లో పట్టుకుని పోతున్నారు.